పద్దులో మిగిలిన మనిషి

మధ్యయుగపు ఇంగ్లండులో బిషప్ అంటే మతపెద్ద మాత్రమే కాదు, పెద్ద భూస్వామి కూడా. వించెస్టర్ బిషప్‌కు దక్షిణాన ఎన్నో ఊళ్లుండేవి. పరివారంతో ఊరూరా తిరుగుతూ అక్కడి పంట అక్కడే భోంచేసేవాడు. అందుకే చాలాచోట్ల ఆయనకొక మేడ. ఇప్పుడు బిషప్స్ వాల్తంలో మొండిగోడలు, లండన్ సదర్క్‌లో గుండ్రని కిటికీ ఉన్న ఒక గోడ మిగిలాయి. మిగతావాటిలో అనేకం పచ్చిక కింద ఉన్నాయి.

వాటి జాడ వెతికేవారు పొలాల పాత పేర్లు, పూడిపోయిన చేపల చెరువులు, కందకాలు గమనిస్తారు. వానలు లేని ఏడు, పాతుకుపోయిన గోడలపైన గడ్డి ముందుగా ఎండుతుంది. విమానం నుంచి తీసిన ఫొటోలో ఆ గీతలు కనబడతాయి. వీటికి తోడు బిషప్ లెక్కల చుట్టలున్నాయి. 1208-09 నాటివి మొదలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పైకప్పు బాగుకు ఎంత, వడ్రంగికి ఎంత అన్న ఖర్చులను బట్టి ఫలానా ఊళ్లో మేడ ఉండేదని తెలుస్తుంది.

ఉద్యోగమంతా జమాఖర్చుల మధ్య గడిపిన నన్ను ఆ చుట్టల్లో ఆపేది మాత్రం మరొక పద్దు. భూమి సాగుచేసే రైతు చనిపోతే, అతని పశువుల్లో మేలైనది బిషప్‌కు చెందేది. గుమాస్తా దాన్ని జమ కట్టేవాడు. పోస్టన్, టిటో అనే చరిత్రకారులు 1959లో ఈ జమలనే లెక్కించి ఆనాటి చావులను అంచనా వేశారు. అంటే, ఆ రైతు చనిపోయాడని మనకు తెలిసింది అతని ఇంటినుంచి ఎద్దును తోలుకుపోయారు కనుకనే!

ఇలాంటి పద్దుకు మనం కృతజ్ఞులమై ఉండాలా? ఉండాలనే అంటాను, ఒక షరతు మీద. ఆ గుమాస్తా అబద్ధం రాయలేదు. కాని కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క న్యాయమైనది కాదు. బాకీ ఉన్నవాడికే అందులో చోటు. సెంటు భూమి లేని కూలీ చనిపోతే జమ లేదు, పద్దూ లేదు. అతని ఆలుబిడ్డల సంగతీ అంతే.

గుమాస్తా రాబడిగా రాసినదాన్ని మనం చావుగా చదవగలగాలి. రాయని పేరు కోసం ఒక ఖాళీ వరస మనసులో ఉంచుకోవాలి. మేడ పునాది దొరికిన రోజున, దానికి రాళ్లు మోసినవారెవరని కూడా అడగాలి. జవాబు దొరక్కపోవచ్చు. అయినా ఆ ప్రశ్న వేయనిదే వెతుకులాట పూర్తయిందని సంతకం పెట్టడానికి నా చెయ్యి రాదు.