నవ్వవు కదా?

"ఒక మాట అడుగుతాను, నవ్వవు కదా?"

మా వదిన నాకు ఫోను చేసినప్పుడల్లా మొదలుపెట్టే తీరిది. కిందటేడు ఆవిడ ఇంగ్లండులో, బ్రిస్టల్ నగరంలో, కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చింది. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. ఒక్కతే కూర్చుని గోడలు చూడ్డం దేనికని, కోడలు పూనుకుని దగ్గర్లో వారానికి రెండు పూటలు జరిగే ఇంగ్లీషు క్లాసులో చేర్పించింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో పలకా బలపం పట్టిందని, ఇల్లు కనిపెట్టుకుని ఇక్కడే ఉండిపోయిన మా అన్నయ్య ఒకటే నవ్వు.

ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ఇంగ్లండే వెళ్ళాలి, అసలు సిసలు ఇంగ్లీషు అక్కడే దొరుకుతుంది అనుకుంటాం మనం. వదినా అలాగే అనుకుంది. తీరా వెళ్ళాక ఆవిడ సందేహాలన్నీ ఆ ఊరివాళ్ళ ఇంగ్లీషు మీదే!

"ఇక్కడ అందరూ బస్సు దిగుతూ డ్రైవరుకి 'చీర్స్, డ్రైవ్' అని చెప్పి దిగుతారే. డ్రైవర్ అనాలి కదా, సగం మింగేస్తారేం?"

"ఫలానా షాపు ఎక్కడుందని అడగడానికి ఒకావిడ 'వేర్స్ దట్ టు?' అంది. చివర ఆ 'టు' ఎందుకే?"

ఒక రోజు మాత్రం గొంతు తగ్గించి, అన్నయ్య నా పక్కన లేడని రూఢి చేసుకుని మరీ చెప్పింది. కూరలమ్మే ముసలాయన చిల్లర చేతిలో పెడుతూ 'మై లవర్' అన్నాడట! వదిన నిర్ఘాంతపోయి, కొన్న క్యాబేజీ కూడా అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ ప్రాంతంలో అది మన 'అమ్మా', 'తల్లీ' లాంటి పిలుపేనని, ఆడా మగా ఎవరినైనా అలా అంటారని తరవాత టీచరు చెప్పిందిట. మర్నాడు వెళ్ళి క్యాబేజీ తెచ్చుకుంది.

"మరి ఇవన్నీ తప్పులు కావూ? వీళ్ళనెవరూ దిద్దరేం?" అని వదిన అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు ఆ ఊరి పేరే అలా పుట్టింది. పూర్వం దాన్ని 'వంతెన ఉన్న చోటు' అనే అర్థం వచ్చే పాత ఇంగ్లీషు మాటతో 'బ్రిజ్‌స్టో' అన్నట్టుగా పిలిచేవారు. అచ్చుతో ముగిసే మాటకి చివర ఒక 'ల్' తగిలించడం అక్కడి జనానికి అలవాటు. అలా పలికి పలికి చివరికి 'బ్రిస్టల్' అయి కూర్చుందని చెబుతారు. అంటే, శుద్ధమైన ఇంగ్లీషు కోసం మనం వెతుక్కుంటూ వెళ్ళిన ఊరు తన యాసనే పేరుగా పెట్టుకుని దర్జాగా బతుకుతోందన్నమాట!

ఆ ఊరి రేవు గురించి వదిన చెబుతుంటే వినాలి. సాయంత్రమైతే చాలు, నీటి ఒడ్డున తిరణాలేనట. పడవలూ, పాటలూ, హోటళ్ళూ, గుట్ట మీద వరసగా రంగు రంగుల ఇళ్ళూ. 1843లో అక్కడే కట్టిన పెద్ద ఇనుప ఓడ ఎక్కడెక్కడో తిరిగి, పాడుబడి, 1970లో మళ్ళీ పుట్టిన చోటికే చేరిందట. దాన్ని చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తారు. ఆ ప్రాంతంలో సముద్రపు పోటుకీ ఆటుకీ తేడా చాలా ఎక్కువ. ఏవన్ నది ముఖద్వారం దగ్గర నీరు పన్నెండు మీటర్ల పైన లేచి దిగుతుంది. 1809లో తలుపులు కట్టి రేవులో నీరు నిలవ చెయ్యక ముందు, ఆటు వచ్చేసరికి అంతంత ఓడలూ బురదలో ఒక పక్కకి ఒరిగి పడి ఉండేవట.

ఈ ముక్క విన్నప్పుడు నాకు వదినే కళ్ళ ముందు కనిపించింది. రెండొందల మంది వచ్చే పెళ్ళిని ఒంటి చేత్తో నడిపించగల మనిషి. ఎవరికి ఏం చెబితే మనసు కుదుట పడుతుందో ఎరిగిన మనిషి. క్లాసులో మొదటి రోజు తన పేరు చెప్పడానికి నోరు పెగల్లేదట. ఓడ అదే, సరుకూ అదే. కింద నీళ్ళే లేవు.

ఆ బురదలోకి ఆవిడని మొదట దింపిందెవరో నాకు తెలుసు. నేనే.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. మా ఆయన ఆఫీసువాళ్ళు భోజనానికొచ్చారు. వాళ్ళలో తెలుగు రానివాళ్ళూ ఉన్నారు. సాయానికొచ్చిన వదిన గుత్తివంకాయ కూర మారు వడ్డిస్తూ, మొహమాటపడుతున్న ఒకాయనతో "ఈట్ వెల్, డోంట్ షై" అంది ఎంతో ఆదరంగా. నేను నవ్వి, "డోంట్ బీ షై అనాలి వదినా!" అన్నాను. అందరూ నవ్వారు. వదినా నవ్వింది. కూరగిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, మళ్ళీ పెరుగు వడ్డించేదాకా బయటికి రాలేదు.

ఆ తరవాత నలుగురిలో ఆవిడ నోట ఇంగ్లీషు ముక్క నేను వినలేదు. బ్యాంకులోనైనా, డాక్టరు దగ్గరైనా పక్కవాళ్ళని ముందుకు తోసేది. సిగ్గుపడొద్దని చెప్పబోయిన మనిషికి నేను సిగ్గుపడ్డం నేర్పాను!

'తప్పు చెబితే తప్పని చెప్పడం కూడా తప్పేనా? దిద్దకపోతే నేర్చుకునేదెలా?' అని మీరడగవచ్చు. నేనూ ఇన్నాళ్ళూ అలాగే సర్ది చెప్పుకున్నాను. కానీ వదిన క్లాసు కబుర్లు వింటూంటే ఆ సమాధానం నిలవలేదు.

ఆ క్లాసులో ఒక సోమాలియా అవ్వ, హోటల్లో గిన్నెలు కడిగే స్పెయిను కుర్రాడు, పోలెండు నుంచి వచ్చిన పిల్లల తల్లి... అందరూ తప్పులు మాట్లాడేవాళ్ళే. వదిన ఒకసారి "ఎస్టర్డే ఐ గో టు రివర్" అందిట. టీచరు మధ్యలో ఆపలేదు. చెప్పిందంతా విని, "ఓహో, నిన్న మీరు నదికి వెళ్ళారా? అక్కడేం చూశారు?" అని ఇంగ్లీషులోనే, సరైన క్రియతో, తిరిగి అడిగిందిట. తప్పు దిద్దినట్టూ అయింది, కబురు విన్నట్టూ అయింది.

ఆవిడ దిద్దింది వదిన కోసం. నేను దిద్దింది వచ్చిన అతిథుల కోసం. 'ఈవిడ మా వదినే కానీ నేను ఈవిడ లాంటిదాన్ని కాను, బి.ఏ. చదివాను' అని వాళ్ళకి తెలియాలి. ఆ ఒక్క చిన్న మాటతో నేను చేసింది వ్యాకరణ సేవ కాదు, నా గొప్ప చాటుకోవడం.

అలాగని తప్పులు విని ఊరుకోవడమే మంచితనమనీ అనను. 'పాపం, ఈవిడకి ఇంతకన్నా ఏం వస్తుందిలే' అని తలాడించి వదిలెయ్యడం ఇంకో రకం చిన్నచూపు. డాక్టరుకి రోగం చెప్పడంలో మాట తప్పితే ప్రాణం మీదికి రావచ్చు. అక్కడ దిద్దకపోతేనే ద్రోహం. దిద్దొచ్చు. కానీ ఎవరి మేలు కోరి దిద్దుతున్నామో నోరు విప్పేముందు ఒక్క క్షణం మనల్ని మనం అడుక్కోవాలి.

బ్రిస్టల్ రేవే ఇంకో పాఠం కూడా చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊరి ఓడలు దాదాపు ఐదు లక్షల మంది ఆఫ్రికావాళ్ళని బానిసలుగా మోసుకెళ్ళాయి. వాళ్ళ ఊళ్ళూ, పేర్లూ, భాషలూ అన్నీ ఊడబెరికారు. ఆ వర్తకుల జమాఖర్చు పుస్తకాల్లో ఇంగ్లీషు ఎంత చక్కగా ఉంటేనేం? బానిసల వ్యాపారంలో గడించిన కోల్‌స్టన్ అనే ఆసామీకి ఊరివాళ్ళు 1895లో విగ్రహం కట్టారు. 2020 జూన్‌లో జనమే దాన్ని పడగొట్టి, దొర్లించుకెళ్ళి అదే రేవు నీళ్ళలో పారేశారు. మాటలో తప్పు వేరు, మనిషిలో తప్పు వేరు. మొదటిది పక్కవాళ్ళలో ఇట్టే కనిపిస్తుంది. రెండోది మనలో మనకి కనపడ్డానికి ఏళ్ళు పడుతుంది.

వచ్చే ముందు కొడుకు వదినని రాజా రామమోహన రాయ్ సమాధి చూపించడానికి తీసుకెళ్ళాడు. సతీ సహగమనం మానిపించడానికి పోరాడిన ఆ మహానుభావుడు 1833లో బ్రిస్టల్‌లోనే కన్నుమూశాడు. ఆర్నోస్ వేల్ శ్మశానంలో ఆయనకి మన దేశపు తీరులో రాతి ఛత్రి ఉంది. పారశీకం, అరబ్బీ, సంస్కృతం తెలిసిన ఆయన ఇంగ్లీషు నేర్చుకుంది పెద్దయ్యాకే. 1829లో చేసిన సతీ నిషేధాన్ని రద్దు చెయ్యాలని ఇక్కడి ఛాందసులు లండను దాకా అప్పీలుకి వెళ్తే, అది నెగ్గకుండా చూడాలన్నది కూడా ఆయన ఇంగ్లండు ప్రయాణానికి ఒక కారణం. 1832లో ఆ అప్పీలు కొట్టేశారు. నోరులేని ఆడవాళ్ళ తరఫున మాట్లాడ్డానికి ఆయనకి ఆ భాష పనికొచ్చింది. ఒకరి నోరు మూయించడానికి నాకు పనికొచ్చింది.

వదిన తిరిగొచ్చాక ఒక రోజు ధైర్యం చేసి ఆనాటి సంగతి కదిపాను. మరిచిపోయి ఉంటుందేమోనని ఆశ.

"ఎందుకు గుర్తులేదూ? గుత్తివంకాయ, కందిపచ్చడి చేశాం ఆ రోజు" అంది. "అయినా నువ్వు చెప్పింది కరెక్టే కదే" అని కూడా అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఇప్పుడు బ్యాంకుకి ఒక్కతే వెళ్తోంది. ఫోనులో కోడలి స్నేహితులతో ఇంగ్లీషులో కబుర్లాడుతోంది, తప్పులతోనే, హాయిగా. నాకు మాత్రం నిన్న కూడా ఫోను చేసి, "ఒక మాట అడుగుతాను, నవ్వవు కదా?" అంది.

సోమాలియా అవ్వ దగ్గరా, బస్సు డ్రైవరు దగ్గరా ఆవిడకి అక్కర్లేని ఆ మాట నా దగ్గర ఇంకా అవసరమవుతోంది. "నవ్వను వదినా, చెప్పు" అన్నాను. ఇరవై ఏళ్ళ బాకీ కదా, ఒక్క ఫోనులో తీరుతుందా?