ఆ ఒక్కదాని కొరకు



మన దేశములో జింకల వేట 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అమెరికాలోనైతే అనుమతి తీసికొని శరదృతువులో తెల్లతోక జింకలను వేటాడుదురు. అక్కడ కొందరు ఒకే మగజింక కొరకు ఏండ్ల తరబడి తిరుగుదురు. అది ఏటేటా శీతాకాలములో కొమ్ములు రాల్చి, వేసవిలో కొత్తవి పెంచుకొనును. రాలిన కొమ్మును ఏరి, దాని తీరునుబట్టి ఆ జింక ఇంకను అక్కడనే తిరుగుచున్నదని వారు గుర్తుపట్టుదురు. తమ వాసన దానికి తగులకుండ ఎదురుగాలికి కూర్చుందురు. వేటకాలము ముగిసినను, మరుసటి యేడు మరల వత్తురు.

చంపుటకే అంత ఓపికయైతే, బ్రదికించుటకు మనకెంత ఉండవలెను? ఆరాధనకు రాని కుటుంబమును మనము ఎన్నిసార్లు దర్శించితిమి? ఒక్కసారి తలుపు తట్టి, సంఘ పుస్తకములో పేరు కొట్టివేసితిమి గదా! పని కొరకు ఊరు మారినవారు, మాటపడి నొచ్చుకొన్నవారు, తెలుగు చదువలేక వెనుక బల్లనుండి జారిపోయిన మన పిల్లలు, వీరి జాడ మనకు తెలియునా?

లూకా 15వ అధ్యాయములోని కాపరి తప్పిపోయిన గొఱ్ఱె దొరకువరకు వెదకెను. మనమును అట్లు వెదకబడినవారమే. ఈ ఆదివారము ఒక్క పేరు వ్రాసికొందము. ఆ మనిషి దొరకువరకు ఆ పేరు కొట్టివేయకుందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమెన్.