పాము చావకుండా, కర్ర విరగకుండా

పాముపెట్టెలో వదలడానికి కొన్న వేటనల్లుల డబ్బాతో పాటు వచ్చిన కాగితంలో ఒక మాట ఉంది. తినడానికి ఏమీ మిగలనప్పుడు ఇవి వాటంతట అవే చచ్చిపోతాయి, మీరు చేయాల్సిన పనేమీ ఉండదు అని. పాముకు హాని చేయవు, వాసన రాదు అన్న సుగుణాల పక్కనే దాన్నీ రాశారు. పని అయిపోయింది, పాము కోలుకుంది, డబ్బా చెత్తలోకి వెళ్లింది. ఆ మాట మాత్రం నాలో ఇంకా నలుగుతూనే ఉంది.

మేముండేది డాలస్ దగ్గర. మా చిన్నవాడు ఒక బాల్ పైథాన్‌ను పెంచుతున్నాడు. పశ్చిమాఫ్రికా జాతి, విషం లేనిది. బెదిరితే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది, ఆ పేరు అందుకే. మొన్న దసరాల్లో దానికి నల్లి పట్టింది. మిరపచేలో పడే రకం కాదు, పాముల నెత్తురు తాగి బతికేది. గోమార్లకు దగ్గరి చుట్టం. ఎనిమిది కాళ్లు, కడుపునిండా తాగినా మిల్లీమీటరు దాటి కాస్త ఉంటుంది, అంతే.

ముందు వాడే కనిపెట్టాడు. "అమ్మా, ఇది నీళ్లగిన్నెలోంచి బయటికే రావట్లేదు" అన్నాడు. గిన్నె అడుగున నల్ల గసగసాలు చల్లినట్టుంది. టార్చి వేసి పాము తల దగ్గరగా చూశాం. పాముకు రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఒకటి ఉంటుంది. ఆ పొలుసుకూ పక్క పొలుసులకూ మధ్య సన్నటి గాడి. ఆ గాడిలో అవి వరసగా ఇరుక్కుని ఉన్నాయి, నోళ్లు లోపలికి, బలిసిన వీపులు బయటికి. గవద కింద మడతలోనూ అంతే. ఒళ్లంతా తెల్లటి పొడి, అది వాటి రెట్ట. గోక్కుందామంటే పాముకు చెయ్యి లేదు, మూసుకుందామంటే రెప్ప లేదు. నీళ్లలో మునిగి కూర్చోవడం ఒక్కటే దానికి తెలిసిన వైద్యం.

మావాడు దూదిపుల్లను నూనెలో ముంచి, కంటి అంచు వెంట తుడుస్తూ ఒక్కొక్కదాన్నే తీశాడు. నేను పాము మెడ పట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నల్లుల మీద నాకు ఇసుమంతైనా జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. నన్ను తొలుస్తున్నది వాటి చావు కాదు.

ఒంటి మీదవి తీసినంత మాత్రాన పీడ వదలదు. ఆడనల్లి గుడ్లు పాము మీద పెట్టదు. పెట్టె మూలల్లో, చెక్క సందుల్లో, చీకటీ చెమ్మా ఉన్న చోట పెడుతుంది. జోసెఫ్ కామిన్ అనే శాస్త్రవేత్త 1953లో ఈ పురుగు బతుకంతా దగ్గరుండి చూసి రాశాడు. ఒక్కోటి 60 నుంచి 80 దాకా గుడ్లు పెడుతుంది. పాముపెట్టెలో ఉండే వెచ్చదనానికి రెండు మూడు వారాల్లో గుడ్డు కాస్తా నెత్తురు తాగే పెద్ద నల్లి అయి కూర్చుంటుంది. అందుకే బెరడు పొట్టంతా ఎత్తిపారేసి, పెట్టెను వేడినీళ్లతో తోమి, అడుగున కాగితాలు పరిచాం. ఆ తర్వాతి పనికి వెట్ రెండు దారులు చెప్పారు. ఒకటి ఫిప్రోనిల్ మందు, గుడ్డకు పట్టించి ఒళ్లంతా తుడవాలి, గుడ్లు చావవు కాబట్టి కొన్ని రోజులకోసారి మళ్లీ మళ్లీ. రెండోది, ఈ నల్లిని వేటాడి తినే ఇంకో నల్లిని తెచ్చి పెట్టెలో వదలడం. గ్రీన్‌హౌసుల్లో మట్టిలో పురుగుల కోసం వాడే జాతి అది, గోధుమరంగులో ఉంటుంది, పాము జోలికి పోదు. రెండూ కలిపి మాత్రం కుదరదు, మందు మిగిలిన చోట వేటనల్లి కూడా చస్తుంది.

మావాడు మందు వద్దన్నాడు. మా అత్తయ్య తణుకు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆవిడా వాడికే వంతపాడారు. "వాటినీ వాటినీ కొట్టుకు చావనియ్యవే. మనకి పాపం ఉండదు."

ఆ మాట విన్నప్పుడు నా గుండె కూడా తేలికపడింది. జీవికి జీవి ఆహారం, మధ్యలో మనమెవరం? కానీ ఆ డబ్బా కొన్నది మనం, మూత తీసింది మనం. మాండవ్యుడు చిన్నతనంలో పురుగుల్ని గుచ్చాడని పెద్దయ్యాక కొరత వేయించిన యముడు ఉన్నాడు కదా. ఆ పిల్లాడు గుచ్చే బదులు వాటి మధ్య ఒక బల్లిని వదిలి తమాషా చూసి ఉంటే, ఆ పద్దు ఎవరి ఖాతాలో రాసేవాడు? బల్లి ఖాతాలోనా?

డబ్బా తెరిచి మట్టితో సహా వాటిని చల్లుతున్నప్పుడు మావాడు అడిగాడు. "అవి అయిపోయాక వీటికి ఏం పెడదాం?" నేను నవ్వేసి, "ఏం పెట్టక్కర్లేదురా, పోతాయి" అన్నాను. వాడు నవ్వలేదు.

వీటికి నేనేమైనా బాకీ ఉన్నానా? నా పని చేస్తున్నామని వాటికి తెలియదు కదా అనుకున్నాను. ఎద్దుకు మాత్రం ఏం తెలుసు, ఎవరి చేను దున్నుతోందో? అయినా కనుమనాడు దానికి స్నానం చేయించి, కొమ్ములకు రంగు పూసి మేత పెడతాం. ఎద్దు పెద్దది, కళ్లలోకి చూస్తుంది అందామా? చీమల కోసం బియ్యప్పిండితో ముగ్గేసే వాళ్లం మనం. చిన్న ప్రాణులకు మన దగ్గర చోటు లేకపోలేదు. పనిలో పెట్టుకుని, పనయ్యాక మాడ్చి చంపిన చిన్న ప్రాణి గురించే మన పెద్దలెవరూ నాకేమీ చెప్పలేదు.

పోనీ, మిల్లీమీటరు కూడా లేని ప్రాణికి ఆకలంటే బాధ ఉంటుందా? ఉండదనుకుందాం. అప్పుడు మందుతో చచ్చే నల్లికీ ఉండదు, మందును కాదనడానికి నల్లి వైపు నుంచి కారణమే లేదు. ఉంటుందనుకుందాం. అప్పుడు మందు త్వరగా చంపుతుంది, ఆకలి వారాల తరబడి చంపుతుంది. ఎటు తిప్పినా మేం ఎంచుకున్నది దయగల దారి కాదు. దానివల్ల మెత్తబడింది నా మనసొక్కటే. అయితే పాము సంగతి? మందు మోతాదు తప్పితే దానికే ముప్పు, వేటనల్లితో ఆ భయం లేదు. ఇక్కడికొచ్చి నా వాదన ప్రతిసారీ చతికిలపడుతుంది.

ఇదంతా ప్రకృతే చూసుకుంటుందనే వాళ్లున్నారు. పెట్టెలో ప్రకృతి ఎక్కడుంది? ఆఫ్రికాలో ఈ పాము ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకుంటుంది. ఒకచోట నల్లి పెరిగితే ఇంకోచోటికి పోతుంది, గుడ్లు వెనకే ఉండిపోతాయి. గాజుపెట్టెలో ఎక్కడికని పోతుంది? పుట్టిన ప్రతి నల్లికీ విస్తరి ముందే వేసి ఉంటుంది. మన దగ్గరైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జెర్రిపోతును ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఒక్కోసారి ఆ చట్టానిదే తెలివి అనిపిస్తుంది. వాడి ముందు అననులెండి.

చెదపుట్ట అనగానే అత్తయ్య ముఖం వెలిగింది. "అయితే ఇది పుట్టపామేనన్నమాట!" నాగులచవితి నాడు చలిమిడీ చిమ్మిలీ చేసి, చిన్న గిన్నెతో పాలు తెచ్చి ఆ గాజుపెట్టె ముందు పెట్టారు. మావాడు ఊరుకుంటాడా? "నాన్నమ్మా, పాములు పాలు తాగవు."

"తెలుసులేరా. పోసేది అది తాగుతుందని కాదు."

మరెందుకని వాడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పాముకు అక్కర్లేని పాలు, నల్లికి అక్కర్లేని అహింస. రెండూ మనకే కావాలి. పాలలో అబద్ధమేమీ లేదు, ఎవరికోసమో ఆవిడ దాచలేదు. నా అహింస మాత్రం నల్లి పేరు చెప్పుకుని తిరుగుతోంది.

పాము ఒంటి మీద చుక్క కనబడకుండా అయ్యాక, పెట్టెలోని కాగితాలు మార్చే రోజున అత్తయ్య ఆ మట్టిని చెత్తలో పారేయనివ్వలేదు. చలికని ఇంట్లోకి తెచ్చిన తులసికుండీలో పోసేశారు. తడిమట్టి మీద ముసిరే చిన్న దోమల పిల్లలు ఆ కుండీ నిండా ఉన్నాయి. ఈ వేటనల్లికి అవి ఇష్టమైన తిండి. ఆవిడకు ఆ శాస్త్రమేమీ తెలియదు, "పాపం, బతికితే బతుకుతాయి" అన్నారంతే. ఒక పూట నాకు చాలా నెమ్మదిగా అనిపించింది. తర్వాత దోమపిల్లలు గుర్తొచ్చాయి. పని పోయినవాళ్లకు ఇంకో చోట అదే పని ఇప్పించాం.

నల్లి మళ్లీ వస్తే మాత్రం నేను మందే అంటాను. పామును తూచి, వెట్ చెప్పిన మోతాదు దాటకుండా, ఒళ్లు ఆరేదాకా నీళ్లగిన్నె తీసేసి, నా చేత్తో నేనే తుడుస్తాను. చంపిందెవరంటే నేనే అని చెప్పడానికి వీలుంటుంది. మావాడు ఒప్పుకోడు. వాడిది పాము వైపు వాదన, నాది నా వైపు వాదన. పాము వాడిది కాబట్టి ఆఖరి మాట వాడిదే. నా ఓటు మాత్రం మందుకే.