రికార్డయ్యేది ఏ శబ్దం?

ఆడియో ఇంటర్‌ఫేస్ అనేది మైకుకూ కంప్యూటర్‌కూ మధ్య ఉండే చిన్న పెట్టె. ఒకప్పుడు పెద్ద మిక్సింగ్ కన్సోల్, టేపు యంత్రం ఒక గదినంతా ఆక్రమించుకుని చేసిన పనిలో ముఖ్యభాగాన్ని ఇప్పుడు ఇది బల్ల మీద జానెడు చోటులో చేసేస్తోంది. 2011లో వచ్చిన ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, 2014లో వచ్చిన యూనివర్సల్ ఆడియో అపోలో ట్విన్ ఈ కోవలోవే. దీని లోపల జరిగేది ఇంజనీరింగే అయినా, భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న ప్రశ్న ఒకటి దీని దగ్గర మళ్లీ తలెత్తుతుంది. ఒకసారి పలికిన శబ్దం ఉంటుందా, పోతుందా? మళ్లీ వినపడినప్పుడు ఆ శబ్దాన్నే వింటున్నామా, మరొకదాన్నా?

న్యాయవైశేషికులది అనిత్యవాదం. శబ్దం ఆకాశానికి గుణం, పుట్టి నశించేది. భేరి మీద కోల పడితే సంయోగం వల్ల, వెదురు చీలిస్తే విభాగం వల్ల అది పుడుతుంది. అయితే చెవికి చేరేది అక్కడ పుట్టిన మొదటి శబ్దం కాదు. అది రెండోదాన్ని పుట్టించి పోతుంది, రెండోది మూడోదాన్ని పుట్టించి పోతుంది. చెవిలోని ఆకాశంలో పుట్టిన చివరి శబ్దమే వినపడుతుంది. ఈ వ్యాప్తిని కొందరు నీటి అలలతో, కొందరు అన్ని దిక్కులకూ ఒక్కసారిగా విచ్చుకునే కదంబ మొగ్గతో పోల్చారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం శబ్దాన్ని ధ్వన్యాత్మకం, వర్ణాత్మకం అని రెండుగా విడదీసి, భేరి మోతను మొదటిదానికి, భాషను రెండోదానికి ఉదాహరణగా చూపింది. నైయాయికుడి దృష్టిలో రెండూ అనిత్యాలే.

మీమాంసకులకు ఇది చాలదు. వేదం ఎవరూ రచించనిదని నిలబెట్టాలంటే ముందు శబ్దం నిత్యమని నిలబెట్టాలి. అందుకే జైమిని తన సూత్రాల మొదటి పాదంలోనే ఈ వాదం ఎత్తుకున్నాడు. ఆయన సూత్రాలకు భాష్యం రాసిన శబరస్వామి లోకవ్యవహారాన్నే సాక్షిగా పిలిచాడు. ఎవరైనా ‘గో’ శబ్దాన్ని ఎనిమిది మార్లు పలికితే ఒకే శబ్దాన్ని ఎనిమిది మార్లు పలికాడంటాం తప్ప ఎనిమిది గోశబ్దాలు పుట్టించాడనం. నిన్నటి గకారమే నేటి గకారం అని గుర్తుపడతాం. ఈ గుర్తింపే ప్రత్యభిజ్ఞ. దీపశిఖ క్షణక్షణం మారుతున్నా అదే దీపం అంటాం కదా, పోలిక వల్ల కలిగే భ్రమ అది అని నైయాయికుడి జవాబు. గట్టిగా పలికితే శబ్దం పెరుగుతుంది, పెరిగేది నిత్యమెలా అవుతుందని ఇంకో ఆక్షేపణ. పెరిగేది నాదమే గానీ శబ్దం కాదని మీమాంసకుడు దాన్ని తోసిపుచ్చాడు. గొంతు నుంచి బయలుదేరిన గాలి ఎదుటి గాలిని కదిలిస్తూ, వేగం ఉన్నంతమేర అన్ని వైపులా సాగి, ఎప్పుడూ ఉన్న శబ్దాన్ని వ్యక్తం చేస్తుందని ఆయన పక్షం. శబ్దం వ్యక్తమయ్యే తీరుకు గాలి కదలికను ఆశ్రయించిన ఈ ఒక్క విషయంలో నేటి భౌతికశాస్త్రం మీమాంసకుడి వైపే మొగ్గుతుంది.

ఇక పెట్టె సంగతి. గాలి ఒత్తిడికి మైకులోని పలుచని పొర కదులుతుంది. ఆ కదలిక కొద్ది మిల్లీవోల్టుల విద్యుత్తుగా మారుతుంది. కండెన్సర్ మైకైతే దానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ను ఇంటర్‌ఫేసే ఇస్తుంది. ప్రీయాంప్ ఆ బలహీనమైన విద్యుత్తును పెంచుతుంది. గెయిన్ 60 డెసిబెల్స్ అంటే వోల్టేజి 1000 రెట్లు. తర్వాత కన్వర్టర్ దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 24 బిట్ల అంకెగా రాస్తుంది. రెండు చానళ్లకు కలిపి సెకనుకు 2,88,000 బైట్లు కంప్యూటర్‌కు చేరతాయి. ఈ గొలుసులో శబ్దం మైకు పొర దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి ఉన్నది విద్యుత్తు, ఆపైన అంకెలు. స్పీకరు మళ్లీ గాలిని కదిపినప్పుడు పుట్టేది నూటికి నూరుపాళ్లూ కొత్త శబ్దం.

నైయాయికుడు గెలిచినట్టే కనిపిస్తుంది గానీ ఆయనకూ ఒక చిక్కుంది. ఆయన పరంపరలో శబ్దం నుంచి శబ్దమే పుడుతుంది. ఇక్కడ మధ్యలో ఏ శబ్దమూ లేని వ్యవధి ఉంది, అది ఎన్నేళ్లైనా సాగవచ్చు. దాన్ని దాటించే ముద్రను సంస్కారం అందామంటే, ఆయన చెప్పిన మూడు సంస్కారాల్లో స్మృతికి కారణమైన భావన ఆత్మకే చెందుతుంది. వేగం, స్థితిస్థాపకం జడపదార్థాలకు ఉన్నా వాటికి పాటను దాచిపెట్టే పని లేదు. హార్డ్‌డిస్క్‌లో పడి ఉన్న పాటకు ఆయన పట్టికలో తయారుగా ఉన్న చోటు లేదు.

సెకనుకు 48,000 కొలతలు అనగానే, ప్రతిదీ క్షణం మాత్రమే ఉంటుందనే బౌద్ధుల క్షణికవాదానికి ఇదే నిదర్శనం అనిపించడం సహజం. అది తొందరపాటు. కొలతకూ కొలతకూ మధ్య ఉన్నది జారిపోతుందన్న అపోహ మీద ఆ పోలిక నిలబడింది. 1928లో హ్యారీ నైక్విస్ట్ టెలిగ్రాఫు మీద చేసిన విశ్లేషణలో బీజప్రాయంగా ఉండి, 1949లో క్లాడ్ షానన్ పత్రంలో రూపు దిద్దుకున్న సిద్ధాంతం వేరే మాట చెబుతుంది. సంకేతంలోని అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో కొలిస్తే, ఆ కొలతల గుండా పోగలిగిన వక్రరేఖ ఒక్కటే ఉంటుంది. మధ్యభాగం పోలేదు, కొలతల్లోనే నిర్ణయమైపోయింది. మనిషి చెవికి పైహద్దు దాదాపు 20,000 హెర్ట్జ్ కాబట్టి 1982లో వచ్చిన సీడీకి 44,100 చాలింది. దీని షరతు మాత్రం గట్టిది. కొలత వేగంలో సగానికి పైనున్న పౌనఃపున్యాలను ముందే వడగట్టి పారేయాలి, లేకపోతే అవి లేని స్వరాలుగా వచ్చి కలుస్తాయి. అసలు నష్టం అంకెలను దగ్గరి మెట్టుకు సర్దడంలో ఉంది. 16 బిట్లకు 65,536 మెట్లు, 24 బిట్లకు 1,67,77,216. బిట్లు తగ్గించేటప్పుడు ఆ సర్దుబాటు వల్ల పుట్టే వికృతిని పోగొట్టడానికి ఇంజనీర్లు కావాలనే కాస్త రొద కలుపుతారు, దాన్నే డిథర్ అంటారు. 192 కిలోహెర్ట్జ్ అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చువేయడం మాత్రం వినేవారి కంటే అమ్మేవారికే ఎక్కువ అవసరం.

అంకెలు ఉన్నంతమాత్రాన శబ్దం తిరిగి రాదు, కాలం కూడా కావాలి. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసినదాన్ని 44.1గా చదివిస్తే పాట నెమ్మదించి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం కిందికి దిగుతుంది. దీనికి చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. 1857లో ఫ్రాన్సులో ఎడ్వార్డ్ లియోన్ స్కాట్ తయారుచేసిన ఫోనాటోగ్రాఫ్ మసి పూసిన కాగితం మీద శబ్దకంపనాలను గీతగా గీసేది. తిరిగి వినిపించే ఏర్పాటు దానికి లేదు, ఆ ఉద్దేశమూ ఆయనకు లేదు. 1860లో గీసిన ఒక ఫ్రెంచి జానపద గీతాన్ని 2008లో పరిశోధకులు కంప్యూటర్ సాయంతో వినగలిగారు. మొదట అది ఆడపిల్ల గొంతనుకున్నారు. కంపనాల లెక్క సరిచూసి వేగం సగానికి తగ్గిస్తే మగగొంతు పలికింది, బహుశా స్కాట్‌దే. గీత మారలేదు, కాలమానం మారింది, పాడిన మనిషే మారిపోయాడు. ఇంటర్‌ఫేస్‌లో అంత శ్రద్ధగా ఒక స్ఫటిక గడియారాన్ని అమర్చడానికి కారణం ఇదే.

ఇంతకూ రికార్డయిన ముద్రలో నిలిచింది ఏమిటి? మీమాంసకుడు నిత్యమన్న వర్ణం కాదు. యంత్రానికి గకారమూ తెలియదు, దగ్గూ తెలియదు. రెండూ దానికి వోల్టేజీలే. అది పట్టి ఉంచేది హెచ్చుతగ్గులను, గొంతు జీరను, ఊపిరి తీసుకున్న చప్పుడును, గది ప్రతిధ్వనిని. మీమాంసకుడు ఇవన్నీ నాదానికి చెందిన ఆగంతుకాలని పక్కన పెట్టాడు. వైయాకరణుడైన భర్తృహరి వాక్యపదీయంలో పలుకు వేగంలోని తేడాలను వైకృతధ్వనికి అంటగట్టి, అర్థాన్నిచ్చే అసలు శబ్దమైన స్ఫోటానికి వాటితో పని లేదన్నాడు. నైయాయికుడు ధ్వనిని లెక్కలోకి తీసుకున్నాడు గానీ అది నిలుస్తుందని అనుకోలేదు. రెండు పక్షాలూ నిలవదని ఒప్పుకున్న భాగమే రికార్డింగులో నిలిచింది. ప్రత్యభిజ్ఞ కూడా ఇక్కడ కొత్త పని చేస్తోంది. ‘అదే గకారం’ అని కాదు, ‘ఆమె గొంతే’ అని గుర్తుపట్టిస్తోంది. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డిచ్చిన వేంకటేశ్వర సుప్రభాతం వినే తెలుగిళ్లలో శ్లోకంతో పాటు ఆ గొంతూ సుప్రభాతంలో భాగమైపోయింది. అదే శ్లోకం మరొకరు పాడితే అర్థం తగ్గదు, అయినా వెలితి అనిపించేవారు ఎందరో.

మరి రికార్డయిన మంత్రానికి ఫలం ఉంటుందా? సుప్రభాతం స్తోత్రం. స్తోత్రం భక్తితో వినేవారిది కాబట్టి అక్కడ పేచీ తక్కువ. వేదమంత్రం విషయంలో మీమాంస నిబంధనలు కఠినమైనవి. కర్మలో చేయవలసినదాన్ని గుర్తుచేయడమే మంత్రం ప్రయోజనం అంటుంది ఆ శాస్త్రం. గుర్తుచేయడమే అయితే స్పీకరూ చేయగలదు కదా అని వాదించవచ్చు. కానీ ఆ స్మరణ మంత్రోచ్చారణ వల్లనే కలగాలని, ఆ ఉచ్చారణ అధికారం ఉన్న కర్తే చేయాలని నియమం. యంత్రానికి సంకల్పమూ లేదు, అధికారమూ లేదు. అధ్యయనమైతే గురుముఖతః జరగాల్సిందే. రాసుకున్నది చూసి చదివేవాణ్ణి కూడా పాణినీయశిక్ష అధమపాఠకుల్లో లెక్కవేసింది. కాబట్టి ఇంటర్‌ఫేస్ ద్వారా ఎంత నిర్దుష్టంగా రికార్డు చేసినా ఆ వేదపాఠం విద్యార్థి తన స్వరం సరిచూసుకోవడానికి పనికొస్తుంది గానీ, అధ్యయనం స్థానంలో దాన్ని ఏ మీమాంసకుడూ అంగీకరించడు.