రెండేళ్లు వేసుకో

నేటి వాక్యభాగం: యెహోషువ 9వ అధ్యాయం

పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం పారిశ్రామికవాడల వైపు ఉద్యోగం వెతుక్కునే బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలకు ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది. "ఫ్రెషర్ అని పెడితే ఎవడూ పిలవడు. రెండేళ్లు వేసుకో." అంటే, చేయని ఉద్యోగాన్ని చేసినట్టు బయోడేటాలో రాసుకోమని. దానికి తగ్గ ఎక్స్‌పీరియెన్స్ లెటరు, రిలీవింగ్ లెటరు, పే స్లిప్పులు డబ్బుకు తయారుచేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. మూతపడిన కంపెనీ పేరు మీదైతే మరీ మేలట. అక్కడ ఫోన్ ఎత్తేవాడు ఉండడు కదా!

గిబియోనీయులు సరిగ్గా ఈ పనే చేశారు. ఇశ్రాయేలీయుల చేతిలో యెరికోకు, హాయికి ఏమైందో విన్నారు. తమ వంతూ వస్తుందని అర్థమైంది. దగ్గర్లోనే ఉన్న తమ ఊరిని దూరదేశం చేసి బయల్దేరారు. గాడిదల మీద పాత గోనెలు, చినిగితే కుట్టిన ద్రాక్షారసపు సిద్దెలు, కాళ్లకు మాసికలు వేసిన చెప్పులు, సంచుల్లో ఎండి బూజు పట్టిన రొట్టెలు. ఇంటి దగ్గర బయల్దేరిన రోజు ఈ రొట్టె ఇంకా వేడిగా ఉందని కూడా చెప్పారు. ఆ ఒక్క ముక్క చాలు, ఎంత కూర్చుని ఆలోచించారో తెలియడానికి. ఇశ్రాయేలు పెద్దలు రొట్టెను చూశారు, చెప్పుల్ని చూశారు, నమ్మారు, చంపబోమని ప్రమాణం చేశారు. దేవుణ్ణి మాత్రం అడగలేదు. మూడు రోజులకు సంగతి బయటపడింది.

గిబియోనీయులను తిట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకు మోసం చేశారని ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ అడిగితే, ప్రాణభయంతో చేశామన్నారు. అది నిజమే. నారాయణఖేడ్ నుంచో జోగిపేట నుంచో వచ్చి, పటాన్‌చెరులో నలుగురితో ఒక గదిలో ఉంటూ, వాక్-ఇన్ ఇంటర్వ్యూ వరసల్లో నిలబడి నిలబడి తిరిగి వచ్చే కుర్రాడి భయం కూడా నిజమే. ఫ్రెషర్ జీతం ఇస్తూ మూడేళ్ల అనుభవం అడిగే ప్రకటనలో మాత్రం నిజాయితీ ఉందా? దొంగ త్రాసు దేవునికి అసహ్యమని పిల్లలకు బోధించే మనం ఆ త్రాసు సంగతి ఎందుకు మాట్లాడమో నాకు అర్థం కాదు.

దొరికిపోతావు కాబట్టి వద్దు అని చెప్పడం తేలిక. యూఏఎన్ తెరిస్తే ఏ కంపెనీ ఎన్ని నెలలు పీఎఫ్ కట్టిందో కనబడుతుంది. మోసం చేయడానికి దొంగ పత్రం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత కింద ఏడేళ్ల దాకా జైలు. కానీ దొరకనివాళ్లూ ఉన్నారు. ఈ ధ్యానం వాళ్ల గురించి.

మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ దగ్గర నైట్ షిఫ్టు ఊహించండి. డ్రమ్ములోంచి టోలిన్ ఎక్కించాలి. ఆ ద్రావకం పైపులో పారుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. అందుకే ముందు డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి. తగిలించకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. నిజంగా రెండేళ్లు చేసినవాడి చెయ్యి దానంతటదే క్లిప్పు దగ్గరికి పోతుంది. రెండేళ్లు వేసుకున్నవాడికి ఆ అలవాటు లేదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. "అన్నా, నాకు తెల్వదు, ఒకసారి చూపించు" అని అతను అడగలేడు. అడిగితే కాగితం అబద్ధమని తేలిపోతుంది. ఫ్రెషర్‌కు రోజుకు పదిసార్లు అడిగే హక్కుంది. అబద్ధం ముందుగా లాక్కునేది ఆ హక్కునే.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. దానికి ఎవరిదో దొంగ సర్టిఫికెట్ కారణమని నేను అనడం లేదు. కానీ ఈ వాడలో ఒకరి పని మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడి ఉందన్న సంగతి ఆ రోజు తర్వాత ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. బయోడేటాలో రాసుకున్న రెండేళ్లను జీతం ఇచ్చే యజమాని ఒక్కడే నమ్మడు. పక్కన నిలబడిన ఒడిశా హెల్పరు కూడా నమ్ముతాడు.

గిబియోనీయుల సంగతి బయటపడ్డాక ఏమైంది? వాళ్లు మళ్లీ కథ అల్లలేదు. మీ చేతిలో ఉన్నాం, మీకు న్యాయమనిపించింది చేయండి అన్నారు. ప్రాణాలు దక్కాయి. బలిపీఠానికి కట్టెలు కొట్టి, నీళ్లు మోసే పని దొరికింది. తర్వాతి అధ్యాయంలో ఐదుగురు రాజులు గిబియోను మీద పడితే, మోసపోయిన ఆ యెహోషువే గిల్గాలు నుంచి రాత్రంతా నడిచి వచ్చి కాపాడాడు. వందల ఏళ్ల తర్వాత యెరూషలేము గోడ కట్టినవాళ్ల పట్టికలో, నెహెమ్యా 3:7లో, గిబియోనీయుడైన మెలట్యా పేరు ఉంది. క్యూసీ ల్యాబులో పనిచేసేవాళ్లకు ఒక నియమం తెలుసు: లాగ్‌బుక్కులో తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. పాత అంకె కనబడేటట్టు ఒక్క గీతతో కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. బైబిలు గిబియోనీయుల విషయంలో చేసింది అదే. తప్పును దాచలేదు, మనుషుల్ని తీసేయలేదు.

ఇప్పటికే వేసుకుని ఉద్యోగంలో ఉన్న తమ్ముడూ, చెల్లీ, తెలియని పనికి రేపటి షిఫ్టు నుంచి చెయ్యి పెట్టకు. తెలియదని ముందు నీ సీనియర్‌కు చెప్పు. ఆ తర్వాత హెచ్ఆర్‌కు చెప్పు. ఉద్యోగం పోవచ్చు. పోదని నేను మాట ఇవ్వలేను.

ఇంకా వేసుకోనివాళ్లు అప్రెంటిస్‌షిప్ సంగతి అడగండి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. స్టైపెండు తక్కువే, కానీ ఆ కాగితంలో ప్రతి నెలా నిజం.

సంఘంలో షిఫ్ట్ ఇన్‌చార్జిలుగా, మేనేజర్లుగా ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మాట. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మన మెదక్ చర్చిని మిషనరీ పోస్నెట్ దొర కరువు రోజుల్లో కట్టించాడు. ఆకలితో వచ్చినవాళ్లకు అక్కడ పని దొరికింది, పనికి తిండి దొరికింది. ఆదివారం ఆ మెట్ల మీద ఫొటోలు దిగి, సోమవారం ఫ్రెషర్ల బయోడేటాలు పక్కన పడేయకండి. ఈ నెల ఒక్కరినైనా ఇంటర్వ్యూకు పిలవండి.

ప్రార్థన: ప్రభువా, ఈ రాత్రి డ్యూటీలో ఉన్న మా పిల్లలకు "నాకు తెలియదు" అని చెప్పే ధైర్యం ఇవ్వు. ఆ మాట విన్న పెద్దలకు కసురుకోకుండా నేర్పే ఓపిక ఇవ్వు. ఆమేన్.