పరీక్షిత్తు ప్రశ్నయు యంత్రవిశ్వాసమును

భాగవత షష్ఠస్కంధారంభమున, పాపమని యెరిగియు మరల మరల నాచరించువానికి ప్రాయశ్చిత్తమువలన ఫలమేమి, మడుగున స్నానమాడి వచ్చిన యేనుగు వెంటనే మీద దుమ్ము జల్లుకొనుటవంటిది కాదా యని పరీక్షిత్తు శుకమహర్షి నడుగును. మనుష్యుని గూర్చిన యీ ప్రశ్ననే యంత్రనిర్మాత తన యంత్రమును గూర్చి వేసికొనవలసి యున్నది: ఒకమారు తప్పినదానిని మరల నమ్ముట యెట్లు?

తొలిరూపముననే నిర్దోషమగు యంత్రము లోకమున నరుదు. కావున దానిని దీర్ఘకాలము నడిపి, చెడినచోట హేతువు నరసి, నిర్మాణమునే సవరించి, తిరిగి నడుపు పద్ధతి యేర్పడినది. విశ్వసనీయతావృద్ధి పరీక్ష యనగా నిదియే. విరిగిన భాగమును దీసి యట్టిదే మరియొకటి బిగించుట గజస్నానము. విరుగుటకు మూలమైన దోషమును బెరికివైచుట ప్రాయశ్చిత్తము. కర్మచే కర్మ సమూలముగా నశింపదనియు, విచారముచే గలుగు జ్ఞానమే నిజమైన ప్రాయశ్చిత్తమనియు శుకుడు చెప్పిన సమాధానము పరీక్షాశాలయందును చెల్లుచున్నది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి యెగసిన ఎస్.ఎల్.వి.-3, రెండవ దశ నియంత్రణవ్యవస్థలోని యొక కవాటము బిగిసిపోవుటచే సముద్రము పాలయ్యెను. హేతువు తెలిసిన పిమ్మట, 1980 జులై 18న, ఆ జాతి వాహనమే రోహిణిని కక్ష్యయందు నిలిపెను.

అయితే యీ వృద్ధి సులభలభ్యము కాదు. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన జె. టి. డ్వేన్, పలువిధముల యంత్రముల వైఫల్యములను లాగరిథమ్ కాగితముపై గుర్తించి, పరీక్షాకాలముతో పాటు వైఫల్యముల నడిమి సగటుకాలము సరళరేఖగా బెరుగుచున్నదని 1964లో ప్రకటించెను. ఆ రేఖ వాలు 0.3 అయినచో, పరీక్ష పదింతలు సాగినను ఆ సగటు రెండింతలు మాత్రమే యగును. కనుక గమ్యమెంత, గంటలెన్ని, సవరణలకు విరామమెప్పుడు అనునవి ముందే నిర్ణయింపని సంకల్పము నడుమనే యలసిపోవును.

ఫలమును గణించునప్పుడు మరియొక ప్రలోభము పొంచియుండును: దోషము సవరింపబడినది గదా యని పాత వైఫల్యమును లెక్కనుండి తుడిచివేయుట. వివేకవంతుడగు పరీక్షకుడు సవరణ దోషమున గొంతభాగమునే హరించెననియు, శేషము మిగిలియుండవచ్చుననియు గణనలో నుంచుకొనును. పాపము నివర్తించినను వాసన మిగులునన్న మన పెద్దల యెరుక యిట్టిదే. తన తప్పుల లెక్కను దాచనివాని మాటకే గదా లోకమున విలువ!

గర్భమున దాను దర్శించిన పురుషుడు వీడా యని కనబడిన ప్రతివానిని బరీక్షించుటచేతనే ఆ రాజునకు పరీక్షిత్తను పేరు గలిగెనని భాగవతము చెప్పును. ఆతడు పరీక్షించినది యవిశ్వాసముచే గాదు. తన్ను గాచినవానిని గుర్తింపగోరి పరీక్షించెను. యంత్రమును వేలగంటలు నడిపి చూచువాని కోరికయు నంతియే: రేపు ప్రాణములను దేని కప్పగింపవచ్చునో తెలిసికొనుట.