బరువు మీద బిగించిన బోల్టు

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఉండేవాడు. పాత అంబాసిడర్లకు కింద పని చేయాలంటే ఆయన షెడ్డుకే తెచ్చేవారు. ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకునేవారు. పెద్దోడిది బలమైన చెయ్యి. ఎంత తుప్పు పట్టిన నట్టయినా వాడి పట్టుకు కదలాల్సిందే. చిన్నోడు కొత్తగా చేరినవాడు. మేస్త్రి చెప్పిన మాట ఒక్కటీ మరిచిపోయేవాడు కాడు.

ఒకరోజు గుడివాడ నుంచి రిటైరైన మాస్టారొకరు తన మార్క్ 4 అంబాసిడర్ తీసుకొచ్చారు. 1980ల నాటి బండి.

"స్పీడ్ బ్రేకర్ దిగితే చాలు, వెనక ఠక్కుమంటోంది మేస్త్రీ. స్టీరింగు తిన్నగానే పట్టుకున్నా బండి వెనక భాగం పక్కకి జరిగినట్టుంటోంది. షాక్ అబ్జార్బర్లు మార్పించాను. చప్పుడు పోలేదు."

మేస్త్రి ఒక ఇనపకడ్డీ తీసుకుని కమాన్ కట్ట చివర దూర్చి మెల్లగా ఎత్తాడు. కదలకూడని చోట కట్ట ఆడింది.

"షాక్ అబ్జార్బర్లది తప్పు కాదు మాస్టారూ. బుష్‌లు అరిగిపోయాయి."

అంబాసిడర్‌లో బండి వెనక బరువు మోసేదీ, ఇరుసును దాని చోట నిలిపేదీ రెండు కమాన్ కట్టలే. ఒక్కో కట్ట ముందు చివర బండి అడుగుకు బోల్టుతో బిగించి ఉంటుంది. వెనక చివర షాకిల్ అనే ఊగే పట్టీలకు తగిలించి ఉంటుంది. చక్రం గతుకెక్కినప్పుడు వంగి ఉన్న కట్ట చదునవుతుంది, ఆ మేరకు దాని పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటివ్వడం షాకిల్ పని. ఈ అతుకులన్నిటిలో ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు బుష్‌లుంటాయి. రబ్బరు అరిగితే ఇనుము ఇనుమును కొడుతుంది, ఇరుసు అటూ ఇటూ జరుగుతుంది. మాస్టారు విన్న చప్పుడు అదే.

2014లో ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది. నమ్మకమైన రబ్బరు కోసం వెతుక్కోవాల్సిన రోజులొచ్చాయి. మేస్త్రి తాను దాచుకున్న పెట్టె తెరిచి, రెండు వైపులకూ ఒకే రకం బుష్‌లు తీసిచ్చాడు. "ఎడం పక్క నువ్వు చూడు, కుడి పక్క వాడు చూస్తాడు" అని పెద్దోడికి చెప్పి, బంధువుల పెళ్ళికని ఏలూరు వెళ్ళాడు.

కుర్రాళ్ళు బండి వెనక భాగాన్ని జాకీతో ఎత్తి, అడుగున స్టాండ్లు పెట్టారు. చక్రాలు గాల్లో వేలాడాయి. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి నానబెట్టి ఊడదీశారు. చీలికలైన పాత రబ్బరును తొలిచి, కమాన్ చివర్లలో తుప్పంతా గీకేశారు. కొత్త బుష్‌లకు గ్రీజు తగలనివ్వలేదు. గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది కాబట్టి సబ్బునీళ్ళు రాసి ఎక్కించారు. అంతవరకూ ఇద్దరి పనిలోనూ వంక పెట్టడానికి లేదు.

అప్పుడు పెద్దోడు పానాకి పైపు తగిలించి, ఎడమ వైపు నట్లన్నీ బలంకొద్దీ బిగించేశాడు. చిన్నోడు కుడి వైపు నట్లను చేత్తో తిప్పి ఊరుకున్నాడు.

"అన్నా, ఇవి బండి కిందికి దిగాక బిగించాలంట. మేస్త్రి ఓసారి చెప్పాడు."

"బోల్టు ఎప్పుడు బిగిస్తే ఏంట్రా? గట్టిగా ఉందా లేదా అన్నదే లెక్క. నాది అయిపోయింది. నీది నువ్వు చూసుకో" అంటూ పెద్దోడు టీ తాగడానికి వెళ్ళాడు.

చిన్నోడు స్టాండ్లు తీసి, బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టాడు. వెనక భాగాన్ని పట్టుకుని రెండు మూడుసార్లు ఊపి, కట్టలు తమ చోట సర్దుకోనిచ్చాడు. తర్వాత బండిని గుంట మీదికి నెట్టి, కిందికి దిగి, మెడ పక్కకు తిప్పుకుని, కుడి వైపు నట్లు ఒక్కొక్కటే బిగించాడు. మాస్టారు బండి నడిపి చూశారు. చప్పుడు లేదు. ఎంతో సంతోషంగా గుడివాడ వెళ్ళిపోయారు.

వానాకాలం గడవకుండానే బండి మళ్ళీ వచ్చింది. ఈసారి ఠక్కుమంటున్నది ఎడమ వైపు. మేస్త్రి రెండు వైపులా విప్పించాడు. కుడి వైపు రబ్బరు పెట్టెలోంచి తీసినట్టే ఉంది. ఎడమ వైపుది ఒకే దిక్కుగా చిరిగి, పొడి రాలుతోంది.

"రబ్బరు నాసిరకం మేస్త్రీ. బిగింపులో మాత్రం లోటు లేదు, పైపు వేసి మరీ బిగించాను" అన్నాడు పెద్దోడు.

"రెండు పక్కలకీ ఒకే పెట్టెలోవి ఇచ్చాను కదరా. నువ్వు బిగించినప్పుడు బండి ఎక్కడుంది?"

"స్టాండ్ల మీద."

మేస్త్రి ఒక కొత్త బుష్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది బేరింగులా తిరుగుతుందనుకున్నావు. రబ్బరు తిరగదురా, మెలిపడుతుంది. బోల్టు బిగిస్తే దీని లోపలి ముఖం బోల్టుకు అతుక్కుపోతుంది, బయటి ముఖాన్ని కమాన్ పట్టుకుంటుంది. ఆ రెంటి మధ్య కదలికంతా రబ్బరు తన ఒంట్లోనే భరించాలి. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు కట్ట బాగా వంగి ఉంటుంది. అప్పుడు బిగించావు. బండి దిగింది, కట్ట చదునైంది, రబ్బరు మెలిపడింది. ఇక షెడ్డులో ఊరికే నిలబడి ఉన్నా దానికి ఆ మెలిక తప్పదు. గతుకు తగిలినప్పుడల్లా అదే దిక్కుకు ఇంకాస్త మెలిక. చిరగక ఏం చేస్తుంది? వాడు బండి బరువు పడ్డాక బిగించాడు. వాడి రబ్బరు మామూలుగా నిలబడ్డప్పుడు ఏ మెలికా లేకుండా ఉంటుంది. గతుకొస్తే అటు, గుంతొస్తే ఇటు, మళ్ళీ మధ్యకి."

పెద్దోడు ఇంకేమీ అనలేదు. కొత్త బుష్‌లు తనే ఎక్కించి, బండి దింపి, గుంటలోకి దిగాడు. చిన్నోడు పై నుంచి పానా అందించాడు.

నీతి: ముడి ముందే వేసుకో. గట్టిగా మాత్రం బరువు మీద పడ్డాకే బిగించు.

మనుషుల మధ్య మాటలకూ ఇది వర్తిస్తుంది. సంక్రాంతికి అన్నదమ్ములు కలుస్తారు. తల్లి ఇల్లంతా తిరుగుతూ అరిసెలు వండుతుంటుంది. "ముందు ముందు ఆర్నెల్లు నా దగ్గర, ఆర్నెల్లు నీ దగ్గర" అని మాట అనుకుంటారు. అందులో అబద్ధం లేదు, ప్రేమకూ తక్కువ లేదు. కానీ ఆ మాట తల్లి బరువు ఇంకా ఎవరి మీదా పడనప్పుడు బిగించినది. ఆమె మంచాన పడ్డాక రాత్రి మూడుసార్లు లేవాలి, మందుల ఖర్చు ఉంటుంది, ఒకరి ఇంట్లో పిల్లల పరీక్షలు, ఇంకొకరి ఉద్యోగం పొరుగూళ్ళో. మాట మారలేదు, దాని కింద ఇల్లు మారింది. ఇక ఏ గొడవా లేని రోజున కూడా ఆ మాట మెలిపడే ఉంటుంది. ఏదో ఒక చిన్న మాట తగిలి ఓ రోజు చిరుగుతుంది.

అలాగని బరువు పడేదాకా ఏమీ అనుకోకుండా ఉండమని ఈ కథ చెప్పడం లేదు. చిన్నోడు బోల్టులన్నీ ముందే ఎక్కించాడు. చేత్తో తిప్పిన నట్లతో బండిని రోడ్డు మీదికి పంపనూ లేదు. "అమ్మను ఇద్దరం చూసుకుందాం" అన్న మాట సంక్రాంతికే ఉండాలి. ఆమె బరువు నిజంగా మీద పడ్డాక కొన్నాళ్ళు మోసి చూడాలి. రాత్రిళ్ళు ఎవరు లేవగలరో, ఖర్చు ఎవరు భరించగలరో తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ కూర్చుని, గుంటలోకి దిగేంత ఓపికతో, ఒక్కో మాటా గట్టిగా బిగించుకోవాలి. సుఖంగా ఉన్నప్పుడు బిగించేయడం తేలిక కాబట్టే చాలామందిమి ఈ రెండో పని చేయం.

బంధం తెగినప్పుడు మనిషి నాసిరకం అనేస్తాం. ఒకే పెట్టెలోంచి వచ్చిన రబ్బరు ఒక వైపు చిరిగి, రెండో వైపు నిలిచింది. ఎదుటివాడిని తప్పుపట్టే ముందు, ఆ మాట ఏ స్థితిలో బిగించామో అడిగి చూసుకోవడం న్యాయం.